పాత లారీ వెనుక ఇరుసు: పళ్ల నిష్పత్తిని, బలాన్ని గుర్తించే విధానం

ధాన్యంలో తేమ ఎంత ఉన్నదో నిమిషాలలో కొలిచి చెప్పగల విస్తరణ శాస్త్రవేత్త, అదే ధాన్యాన్ని మార్కెట్ యార్డుకు చేర్చే లారీ విషయానికి వచ్చేసరికి అమ్మకందారు మాటనో, మేస్త్రీ మాటనో నమ్మవలసి వస్తున్నది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు సొంత రవాణాకై పాత వాహనాలను కొనుగోలు చేయడం పెరుగుతున్న ఈ రోజులలో ఇది చిన్న విషయం కాదు. ఇంజిన్ పనితీరును పొగ చూసి, శబ్దం విని కొంత అంచనా వేయవచ్చును. టైర్ల అరుగుదల కంటికి కనిపిస్తుంది. వెనుక ఇరుసు మాత్రం నూనె, దుమ్ము పట్టిన ఇనుప గుల్లలో మూసుకొని ఉంటుంది. బరువు మొత్తం మోసేది, చక్రాలను తిప్పేది అదే.

కొన్ని సంవత్సరాల క్రితం మా పరిశోధన క్షేత్రానికి సమీప గ్రామాల రైతులు కొందరు కలిసి రెండు ఇరుసుల పాత లారీ ఒకటి కొనదలచి, బయానా ఇవ్వబోయే ముందు నా వద్దకు వచ్చినారు. అమ్మకందారు వారితో అన్న మాట ఇది: "ఆరు-నలభై ఒకటి క్రౌన్ వేసి ఉందండీ, రెండు వందల బస్తాలు వేసినా కట్ట ఎక్కుతుంది." సంఘం అధ్యక్షుడు నాతో, "ఆ ఆరు-నలభై ఒకటి లెక్కేమిటో మీరు ఒకసారి చూడండి సార్, విత్తన గొర్రు లెక్క మీరే కదా మాకు నేర్పింది" అన్నారు. సస్య శాస్త్రం చదివిన నాకు లారీ ఇరుసుతో ఏమి పని అని మొదట తప్పించుకోబోయినాను. అయితే ఆయన పోలిక సరియైనదే. విత్తన గొర్రు చక్రాన్ని పైకెత్తి, సుద్దతో గుర్తు పెట్టి, నిర్ణీత సంఖ్యలో చుట్లు తిప్పి, రాలిన గింజలను తూచి విత్తన మోతాదు సరిచేయడం మనకు అలవాటైన పని. ఇరుసు నిష్పత్తిని కొలవడం కూడా చక్రం తిప్పి చుట్లు లెక్కించడమే.

అమ్మకందారు వాక్యాన్ని జాగ్రత్తగా చూచినచో అందులో రెండు వేర్వేరు సంగతులు ఒకటిగా కలిసిపోయి ఉన్నవి. మొదటిది పళ్ల నిష్పత్తి. రెండవది ఇరుసు మోయగల బరువు. మొదటి దాని నుండి రెండవది తేలదు. క్షేత్రస్థాయిలో ఈ పొరపాటు ఎంత సాధారణమో గమనించిన మీదట ఈ వ్యాసం వ్రాయడం జరిగినది.

నిష్పత్తి అనగా

గేరుపెట్టె నుండి వెనుకకు వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర చిన్న పళ్ల చక్రం ఉంటుంది. దానిని పినియన్ అంటారు. అది ఇరుసు మధ్యలోని పెద్ద పళ్ల చక్రాన్ని, అనగా క్రౌన్ వీల్‌ను తిప్పుతుంది. క్రౌన్ వీల్ పళ్ల సంఖ్యను పినియన్ పళ్ల సంఖ్యతో భాగించగా వచ్చేదే ఇరుసు నిష్పత్తి. వర్క్‌షాపులలో పినియన్ పళ్లను ముందు చెప్పడం ఆనవాయితీ. ఆరు-నలభై ఒకటి అనగా పినియన్‌కు 6, క్రౌన్‌కు 41 పళ్లు, నిష్పత్తి 6.83. ఏడు-నలభై ఒకటి అయితే 5.86. ఆరు-ముప్పై ఏడు అయితే 6.17.

సంఖ్య పెరిగినకొద్దీ చక్రం వద్ద లాగుడు శక్తి పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. మాటల్లో ఇక్కడొక గందరగోళం ఉన్నది. ఎక్కువ సంఖ్య గల నిష్పత్తిని కొందరు మేస్త్రీలు "లో రేషియో" అంటారు, మరికొందరు "పెద్ద రేషియో" అంటారు. కనుక పెద్ద, చిన్న అన్న మాటలను వదిలి పళ్ల సంఖ్యలనే అడిగి వ్రాసుకొనడం మేలు.

వేగంలో వచ్చే తేడాను లెక్క కట్టవచ్చును. గంటకు కిలోమీటర్లలో వేగం కావలెనన్న, చక్రపు వ్యాసార్ధాన్ని మీటర్లలో తీసుకొని, నిమిషానికి ఇంజిన్ చుట్లతోను 0.377తోను గుణించి, గేరు నిష్పత్తితోను ఇరుసు నిష్పత్తితోను భాగించవలెను. చక్ర వ్యాసార్ధం 0.5 మీటరు, ఇంజిన్ 2400 చుట్లు, నేరు గేరు అనుకుందాము. 6/41 ఇరుసుతో వేగం సుమారు 66 కి.మీ.; 7/41తో సుమారు 77 కి.మీ. రహదారిపై దూర ప్రయాణాలు చేసే యజమాని రెండవ దానిని కోరుకుంటాడు. చెరువు కట్టలు, డొంక దారులు, కల్లాల మధ్య తిరిగే వాహనానికి మొదటిది అనుకూలం. పాత లారీ చేతులు మారినప్పుడల్లా అవసరాన్ని బట్టి ఈ పళ్ల జతను మార్చి ఉండే అవకాశం ఉన్నందున, తయారీనాటి పత్రాలు ఇరుసులో నేడున్న దానిని చెప్పలేవు. ఇంజిన్‌ను, క్యాబిన్‌ను సైతం మార్చిన లారీలు మన రహదారులపై తక్కువేమీ కాదు.

సుద్దముక్కతో కొలత

దీనికి కావలసినవి జాకీ, ఇరుసు కింద నిలిపే గట్టి స్టాండు, నాలుగు చెక్క దిమ్మెలు, సుద్దముక్క, ఒక ఇనుప తీగ, ఇద్దరు మనుషులు.

పద్ధతికి ముందు ప్రమాదం గురించి చెప్పవలసి ఉన్నది. కొలత సమయంలో గేరు న్యూట్రల్‌లో ఉండవలెను, హ్యాండ్ బ్రేక్ వదిలి ఉండవలెను. లేనిచో చక్రం గాని షాఫ్ట్ గాని తిరగదు. అనగా ఆ సమయంలో బండిని ఆపి ఉంచేవి చెక్క దిమ్మెలు మాత్రమే. ముందు చక్రాలకు, నేలపై ఉన్న వెనుక చక్రానికి రెండు వైపులా దిమ్మెలు బిగించనిదే జాకీ ముట్టరాదు. పాత జీపులలో మరొక చిక్కు ఉన్నది. విల్లీస్ నమూనా జీపులలో హ్యాండ్ బ్రేక్ చక్రాలపై కాక ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, ప్రొపెల్లర్ షాఫ్ట్‌పై పనిచేస్తుంది. షాఫ్ట్‌ను అది గట్టిగా పట్టి ఉంచినప్పటికీ, ఒక వెనుక చక్రం గాలిలోకి లేవగానే డిఫరెన్షియల్ ద్వారా ఆ చక్రం వెనక్కి తిరిగి, నేలపై ఉన్న చక్రం ముందుకు దొర్లగలదు. హ్యాండ్ బ్రేక్ వేసినాము కదా అన్న ధీమాతో టైరు మార్చబోయి జాకీ పై నుండి బండి జారే ప్రమాదానికి కారణం ఇదే. బరువు దించిన బండిని, చదునైన గట్టి నేలపైన మాత్రమే ఎత్తవలెను.

ఒక వైపు వెనుక చక్రాన్ని మాత్రమే లేపి స్టాండుపై నిలపవలెను. రెండు చక్రాలనూ లేపితే పని సులభమని తోచవచ్చును గాని అది పొరపాటు. ఒక చక్రాన్ని తిప్పినప్పుడు రెండవది ఎదురు దిశలో తిరిగి, షాఫ్ట్ కదలకుండానే ఉండిపోవచ్చును. ఒక చక్రం నేలపై నిలిచి ఉన్నప్పుడు డిఫరెన్షియల్ ధర్మం వలన, లేపిన చక్రం రెండు చుట్లు తిరిగితే క్రౌన్ వీల్ సరిగ్గా ఒక చుట్టు తిరుగుతుంది. కనుక షాఫ్ట్ చుట్లను చక్రపు చుట్లతో భాగించి, వచ్చిన దానిని రెండుతో గుణించినచో నిష్పత్తి వస్తుంది.

టైరు పక్క భాగంపై ఒక సుద్ద గీత, దానికి ఎదురుగా నేలపై ఒక గుర్తు పెట్టవలెను. పినియన్ ఫ్లాంజిపై మరొక గీత గీసి, ఇరుసు గుల్లకు కట్టిన తీగ కొనను దానికి ఎదురుగా నిలపవలెను. ఒకరు చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ దాని చుట్లు లెక్కించవలెను. మరొకరు షాఫ్ట్ చుట్లు లెక్కించవలెను. ఆది నుండి తుది వరకు ఒకే దిశలో తిప్పవలెను. వెనక్కి తిప్పితే పళ్ల మధ్య సందు కారణంగా కొన్ని డిగ్రీల తేడా వస్తుంది.

చాలామంది చక్రాన్ని రెండు చుట్లు తిప్పి, షాఫ్ట్ "ఆరు చిల్లర" తిరిగినది అని ఆపివేస్తారు. ఆ చిల్లరలోనే అసలు సమాచారం ఉన్నది. 6/37 నిష్పత్తి 6.167, 7/43 నిష్పత్తి 6.143. రెండు చుట్ల కొలతలో ఈ రెంటినీ వేరుచేయడం అసాధ్యం. కనుక చక్రం గీత, షాఫ్ట్ గీత రెండూ ఒకేసారి తమ తమ గుర్తుల ఎదుటికి వచ్చే వరకు తిప్పుతూ పోవలెను. 6/37 జత అయితే చక్రం 12వ చుట్టు ముగిసినప్పుడు షాఫ్ట్ సరిగ్గా 37 చుట్లు పూర్తిచేసి రెండు గీతలూ కలుస్తవి. 7/43 అయితే 12వ చుట్టు వద్ద షాఫ్ట్ గీత ఏడవ వంతు చుట్టు, అనగా సుమారు 51 డిగ్రీలు వెనుకబడి ఉంటుంది. 14వ చుట్టు వద్ద గాని, 43 చుట్లకు గాని కలవదు. గీతలు కలిసిన చోట చక్రపు చుట్లలో సగం పినియన్ పళ్ల సంఖ్య, షాఫ్ట్ చుట్లు క్రౌన్ పళ్ల సంఖ్య. గుల్ల విప్పకుండానే లోపలి పళ్లను లెక్కించినట్లయినది. క్రౌన్ పళ్లు సరి సంఖ్యలో ఉన్నచో గీతలు ముందే కలుస్తవి. ఉదాహరణకు 7/40 జతలో చక్రం 7వ చుట్టుకే షాఫ్ట్ 20 చుట్లు పూర్తిచేస్తుంది. అప్పుడు కూడా 20ని 7తో భాగించి రెండుతో గుణించినచో 5.71 అని సరియైన నిష్పత్తియే వస్తుంది. పినియన్, క్రౌన్ పళ్ల సంఖ్యలకు సామాన్య గుణకం లేకుండా తయారీదారులు సాధారణంగా జాగ్రత్త పడతారు. ఒకే పన్ను ఎప్పుడూ అదే పన్నుతో రాసుకొనక, అరుగుదల అన్ని పళ్లకూ సమంగా పంచబడవలెనన్నది అందులోని ఉద్దేశం. మన కొలత పద్ధతికి అది కలిసివచ్చిన సౌలభ్యం.

ఈ పద్ధతికి పరిమితులు ఉన్నవి. డిఫరెన్షియల్ లాక్ వేసి ఉన్నచో లేపిన చక్రం తిరగదు. టిప్పర్ల వంటి కొన్ని వాహనాలలో చక్రపు హబ్‌లోనే రెండవ తగ్గింపు గేర్లు ఉంటవి. అక్కడ వచ్చేది మొత్తం నిష్పత్తి, క్రౌన్ పళ్ల సంఖ్య కాదు. ట్రాక్టర్లలో కూడా క్రౌన్ తరువాత చివరి తగ్గింపు ఉన్నందున ఇదే మాట వర్తిస్తుంది.

ఆ రోజు రైతుల లారీ గీతలు 12వ చుట్టు వద్ద కలవలేదు. 14వ చుట్టు ముగిసేసరికి షాఫ్ట్ 41 చుట్లు పూర్తిచేసినది. అది 6/41 కాదు, 7/41. అమ్మకందారు బుద్ధిపూర్వకంగా అబద్ధం చెప్పినాడని నేను అనుకొనలేదు. అతనికి అమ్మినవారు చెప్పిన మాటనే అతడు తిరిగి చెప్పి ఉండవచ్చును.

బలం వేరే లెక్క

రైతులకు అప్పుడు కలిగిన సందేహం సహజమైనది: "అయితే ఇది బలం తక్కువ బండా సార్?" నిజానికి ఒకే ఇరుసులో 7/41 బదులు 6/41 వేసినచో ఇరుసుపై పడే శ్రమ తగ్గదు, పెరుగుతుంది. ఇంజిన్ టార్క్ 300 న్యూటన్ మీటర్లు, మొదటి గేరు నిష్పత్తి 7, నష్టాలు పోగా 85 శాతం శక్తి అందుతున్నదని అనుకుందాము. 7/41తో రెండు యాక్సిల్ షాఫ్ట్‌లకు కలిపి సుమారు 10,450 న్యూటన్ మీటర్ల టార్క్ అందుతుంది. 6/41తో అది సుమారు 12,200. ఆరవ వంతు ఎక్కువ. క్రౌన్ వ్యాసం మారనందున పంటిపై పడే ఒత్తిడి కూడా అదే మేరకు పెరుగుతుంది. పైగా అదే క్రౌన్‌తో జత కుదరడానికి 6 పళ్ల పినియన్ సన్నగా ఉండవలసి వస్తుంది. లాగుడు పెరిగినంత మాత్రాన మోసే శక్తి పెరిగినట్లు కాదు. బలహీనమైన మోకును గట్టి ఎడ్లకు కట్టినట్లుంటుంది.

మరొక వైపు కూడా చూడవలెను. తక్కువ సంఖ్య గల నిష్పత్తితో అధిక బరువును ఎగువకు కదిలించబోయే డ్రైవరు క్లచ్‌ను ఒక్కసారిగా వదులుతాడు. ఆ కుదుపులో యాక్సిల్ షాఫ్ట్‌పై పడే టార్క్ నిదానంగా కదిలినప్పటి కంటె ఎంతో అధికం. కట్టలపై తిరిగే బండికి 6/41 మేలనడంలో ఈ కారణం కూడా ఉన్నది. దిగుడులో ఇంజిన్ బ్రేక్ గట్టిగా పట్టడానికి కూడా అదే మంచిది. కాబట్టి నిష్పత్తి మార్పును నేను కాదనను. దానిని బలానికి కొలమానంగా భావించడాన్నే కాదంటున్నాను.

ఈ రెండు విషయాలు ఎంత స్వతంత్రమైనవో జీపు చరిత్ర చక్కగా చూపుతుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో వాడిన విల్లీస్ జీపు ఇరుసులో 8/39 పళ్ల జత ఉండేది, నిష్పత్తి 4.88. యుద్ధం ముగిసే దశలో, 1945లో, అదే జీపును రైతుల కోసం సిజె-2ఎ పేరుతో విడుదల చేసినప్పుడు నాగలి లాగుటకు, వెనుక యంత్రాలు తిప్పుటకు అనువుగా దానిని 8/43కు, అనగా 5.38కి మార్చినారు. లాగుడు సుమారు 10 శాతం పెరిగినది. అయితే యుద్ధకాలపు జీపులోను, తొలి సిజె-2ఎలలోను వెనుక ఇరుసు పూర్తి తేలుడు రకం. కొంతకాలానికి అదే నమూనాలో సగం తేలుడు ఇరుసును అమర్చినారు. పళ్ల నిష్పత్తి మాత్రం 5.38గానే ఉన్నది. ఇరుసు నిర్మాణం మారినా నిష్పత్తి మారలేదు. మన దేశంలో మహీంద్రా సంస్థ దశాబ్దాల పాటు తయారు చేసినది ఈ వంశానికి చెందిన జీపులనే. వ్యవసాయ శాఖ సిబ్బందిలో పాత తరం వారందరికీ అవి సుపరిచితం.

తేలుడు రకాల భేదం బయటి నుండే తెలుస్తుంది. చక్రం మధ్యలో ముందుకు పొడుచుకువచ్చిన హబ్, దాని ముఖంపై గుండ్రంగా వరుస బోల్టులతో బిగించిన షాఫ్ట్ ఫ్లాంజి కనిపించినచో అది పూర్తి తేలుడు రకం. ఇందులో బండి బరువును హబ్ బేరింగుల ద్వారా ఇరుసు గుల్లయే మోస్తుంది. షాఫ్ట్ తిప్పడానికి మాత్రమే. బోల్టులు విప్పి షాఫ్ట్‌ను బయటకు లాగినా చక్రం చోటు కదలదు. సగం తేలుడు రకంలో షాఫ్ట్ తిప్పడంతో పాటు బరువును కూడా మోస్తుంది. అది విరిగితే చక్రం ఊడివచ్చే ప్రమాదం ఉన్నది. భారీ లారీలన్నిటా మొదటి రకమే ఉంటుంది. తేలికపాటి వాహనాలలో రెండవది సాధారణం. బస్తాల రవాణాకు సగం తేలుడు ఇరుసు గల బండిని ఎంచుకొనవద్దని నా సలహా.

పూర్తి తేలుడు ఇరుసులో షాఫ్ట్ విరిగినా చక్రం నిలుస్తుంది కనుక నిశ్చింత అనుకొనరాదు. ఒక షాఫ్ట్ విరగగానే డిఫరెన్షియల్ అటువైపే వృథాగా తిరుగుతుంది. రెండవ చక్రానికి శక్తి అందదు. ఇంజిన్ బ్రేక్ పూర్తిగా పోతుంది. షాఫ్ట్‌పై పనిచేసే హ్యాండ్ బ్రేక్ ఉన్న వాహనంలో ఆ బ్రేక్ కూడా వృథా. అప్పుడు కాలి బ్రేక్ ఒక్కటే దిక్కు. కట్ట ఎక్కుతున్న బండిలో బస్తాలపై హమాలీలు కూర్చొని ఉంటారన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకొనవలెను.

షాఫ్ట్ బలం దాని వ్యాసపు ఘనాన్ని అనుసరించి ఉంటుంది. 40 మి.మీ. షాఫ్ట్ కంటె 45 మి.మీ. షాఫ్ట్, అదే ఉక్కుతో చేసినచో, 42 శాతం అధిక టార్క్‌ను ఓర్చుకుంటుంది. కనుక పూర్తి తేలుడు ఇరుసులో షాఫ్ట్‌ను బయటకు లాగి వెర్నియర్‌తో కొలవడం పది నిమిషాల పనియైనా ఎంతో విలువైనది. వ్యాసాన్ని స్ప్లైన్ గాళ్ల మొదలు వద్ద, అన్నిటికంటె సన్నగా ఉన్న చోట తీసుకొనవలెను. గాళ్ల సంఖ్యను కూడా వ్రాసుకొన్నచో విడిభాగాలు కొనునప్పుడు పనికివస్తుంది.

కొలత కంటె ముఖ్యమైనది ఆ గాళ్ల తీరు. మంచి షాఫ్ట్‌పై అవి నిటారుగా, షాఫ్ట్ పొడవుకు సమాంతరంగా ఉంటవి. ఒక ఇనుప స్కేలును వాటి వెంబడి ఆనించి చూడవలెను. అవి తాడు పురిలా ఏ కొంచెం మెలితిరిగి ఉన్నా ఆ ఉక్కు ఒకసారి తన హద్దు దాటి సాగినదని అర్థం. దానిని తిరిగి వాడరాదు. కంటికి కనపడని చీలికలకు వర్క్‌షాపులలో ఒక పాత ఉపాయం ఉన్నది. షాఫ్ట్‌ను కిరోసిన్‌లో నానబెట్టి, పొడిగా తుడిచి, సుద్ద పొడి పూయవలెను. చీలిక ఉన్నచో అందులోకి దిగిన కిరోసిన్ తిరిగి పైకి ఊరి సుద్దపై సన్నని తడి గీతగా కనిపిస్తుంది. ఇరుసు గుల్లపై కమాను కట్టలు కూర్చునే చోట, అతుకుల వెంబడి కూడా ఇదే పరీక్ష చేయవచ్చును. అధిక బరువు మోసిన ఇరుసు చీలేది సాధారణంగా అక్కడే.

గుల్ల లోపలి విషయాలు క్లుప్తంగా. నూనె దించినప్పుడు సన్నని బూడిదరంగు ఇనుప పొడి సహజం. రేకు ముక్కలు, పంటి పెళ్లలు వచ్చినచో విప్పవలసినదే. విప్పినప్పుడు క్రౌన్, పినియన్ రెండింటిపై చెక్కిన జత సంఖ్య ఒకటేనా అని చూడవలెను; అవి జతగా రాపిడి చేసి అమర్చినవి. వేర్వేరు జతల నుండి తెచ్చి కలిపినచో మూలుగుడు శబ్దం వస్తుంది, త్వరగా పాడవుతుంది. క్రౌన్‌పై పళ్ల సంఖ్యలు కూడా చాలావరకు చెక్కి ఉంటవి. పినియన్ మధ్యరేఖ క్రౌన్ మధ్యరేఖకు కిందుగా ఉన్నచో అది హైపాయిడ్ రకం. దానికి జిఎల్-5 స్థాయి నూనె తప్పనిసరి. ఇరుసు పైనున్న గాలిగొట్టం మట్టితో మూసుకుపోయినచో వేడికి ఒత్తిడి పెరిగి నూనె సీళ్లను దాటి బ్రేక్ లైనింగులపైకి చేరుతుంది. ఐదు నిమిషాలలో శుభ్రం చేయగల ఈ చిన్న గొట్టాన్ని పట్టించుకునేవారు అరుదు.

ఎన్ని బస్తాలు

ఇరుసు ఏ బరువుకు ఉద్దేశించినదో మొదట చెప్పేది రిజిస్ట్రేషన్ పత్రం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనపు ఖాళీ బరువు, స్థూల బరువు, ఇరుసుల వారీ బరువులు, టైర్ల పరిమాణం నమోదు కావలసి ఉంటుంది. పాత లారీల పేర్లలోని అంకెలు కూడా కొంత చెప్పగలవు. టాటా సంస్థ 1954 నుండి డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీలు తయారు చేసినది. 1210, 1612 వంటి పేర్లలో మొదటి రెండు అంకెలు స్థూల బరువును టన్నులలోను, చివరి రెండు అశ్వశక్తిని పదులలోను సూచించడం ఆనాటి సంప్రదాయం. అనగా 1210 సుమారు 12 టన్నుల తరగతి బండి. దానిని 16 టన్నుల బండిగా వాడడం అందరూ చేసే పనే కావచ్చును గాని ఇరుసుకు ఆ సంగతి తెలియదు.

2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఇరుసు బరువుల పరిమితులను పెంచినది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నుల నుండి 11.5 టన్నులకు, రెండు ఇరుసుల లారీ స్థూల బరువు 16.2 నుండి 18.5 టన్నులకు పెరిగినది. ఇది విన్న పాత లారీ యజమానులు తమ బండి కూడా 18.5 టన్నులు మోయగలదని చెప్పడం వింటున్నాము. అధికార ప్రకటన వలన ముప్పై ఏళ్ల నాటి ఇరుసులోని ఉక్కు గట్టిపడదు.

ఒక ఉదాహరణ చూద్దాము. స్థూల బరువు 16.2 టన్నులు, ఖాళీ బరువు 6.1 టన్నులు ఉన్న లారీకి న్యాయమైన సరుకు 10.1 టన్నులు. 75 కిలోల ధాన్యం బస్తాలు 134. ఖాళీ బండిలో వెనుక ఇరుసుపై 2.8 టన్నులు, సరుకులో 73 శాతం వెనుకకు పడుతుందనుకుంటే, వెనుక ఇరుసుపై మొత్తం సుమారు 10.2 టన్నులు. పరిమితికి సరిపోయినది. అమ్మకందారు చెప్పిన రెండు వందల బస్తాలు 15 టన్నులు. అప్పుడు వెనుక ఇరుసుపై దాదాపు 13.8 టన్నులు, పరిమితికి 35 శాతం మించినది. రోలర్ బేరింగు ఆయుష్షు బరువు పెరిగినకొద్దీ 10/3 ఘాతంలో తగ్గుతుంది. ఈ లెక్కన హబ్ బేరింగు ఆయుష్షు సుమారు 37 శాతానికి పడిపోతుంది. గుంతలలో పడే అదరులు దీనికి అదనం. బస్తాలను తోక వైపు పేర్చినచో వెనుక వాటా ఇంకా పెరుగుతుంది. 2019 సవరణ తరువాత అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు జరిమానా ఉన్నది. అయినను రైతు సంఘాల సమావేశాలలో జరిమానా లెక్క కంటె బేరింగు లెక్కయే ఎక్కువ మందిని ఆలోచింపజేయడం నా అనుభవం.

ఇక ఆ లారీ సంగతి. రెండు యాక్సిల్ షాఫ్ట్‌లనూ బయటకు లాగించి చూచినాము. కుడి వైపుది బాగున్నది. ఎడమ వైపు షాఫ్ట్ స్ప్లైన్ గాళ్లు స్కేలు పక్కన స్పష్టంగా మెలితిరిగి కనిపించినవి. కమాను కింద గుల్లకు సుద్ద పరీక్షలో చీలిక తేలలేదు. రిజిస్ట్రేషన్ పత్రంలో స్థూల బరువు 16.2 టన్నులే. అమ్మకందారుకు షాఫ్ట్‌ను చూపగా అతడే మౌనంగా ధర తగ్గించినాడు. సంఘం ఆ డబ్బుతో రెండు వైపులా కొత్త షాఫ్ట్‌లు, సీళ్లు వేయించి లారీ తీసుకున్నది. 7/41ను అలాగే ఉంచినారు. వారి మార్కెట్ యార్డు దారిలో అధిక భాగం రహదారియే, కట్ట ఒక్కచోట మాత్రమే ఉన్నది. ఆ ఎక్కుడు వద్ద రెండవ గేరులో ఎత్తుకోవద్దని, ఆగి మొదటి గేరులో నిదానంగా కదలవలెనని డ్రైవరుకు చెప్పినాము. 7/41, షాఫ్ట్ వ్యాసం, గాళ్ల సంఖ్య, నూనె మార్చిన తేదీ, 130 బస్తాలు అన్న వివరాలను క్యాబిన్ తలుపు లోపలి వైపు రంగుతో వ్రాయించినారు.